కవరులో వచ్చిన క్రెడిట్ కార్డు: తీసుకోవాలా, వద్దా?

ఇబ్రహీంపట్నం వసతిగృహంలో చదివి ఉద్యోగాల్లో చేరిన మన మిత్రులకు మొదటి జీతం పడిన రెండు మూడు నెలలకే ఒక కవరు వస్తుంది. మంచి నున్నటి కాగితం, పైన మన పేరు తప్పులేకుండా అచ్చు వేసి ఉంటుంది. మీరు ఎంపికయ్యారు, లక్ష రూపాయల పరిమితితో కార్డు సిద్ధంగా ఉంది, సంతకం చేసి పంపితే చాలు అని దాని సారాంశం. ఆ కవరు యాచారంలోనో మంచాలలోనో ఉన్న ఇంటికి వెళ్ళిందంటే, మా పిల్లగానికి బ్యాంకోళ్ళు లక్ష ఇస్తున్నరట అని నలుగురికి చెప్పుకొని సంబరపడతారు. పంట రుణం కోసం పాసుపుస్తకం పట్టుకొని మేనేజరు గది బయట నిలబడిన మన ఇళ్ళకు, బ్యాంకే ఉత్తరం రాసి అప్పిస్తాననడం కొత్త సంగతి. అందుకే ఆ కవరును తొందరపడి చించేయకుండా, తొందరపడి సంతకమూ చేయకుండా, కూర్చొని చదవాలి. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కూడా ఇప్పుడే తెలుసుకుంటే మంచిదని ఈ వ్యాసం రాస్తున్నాము.

క్రెడిట్ కార్డు అంటే మన భాషలో ఉద్దెర ఖాతా. ఏటీఎం కార్డుతో మన ఖాతాలో ఉన్న డబ్బు తీస్తాము. క్రెడిట్ కార్డుతో వాడేది బ్యాంకు డబ్బు. కిరాణా షావుకారి పుస్తకంలో రాసుకున్నట్లే బ్యాంకు రాసుకుంటుంది, నెలకోసారి బిల్లు పంపుతుంది.

ఇది మన తెలుగువాళ్ళకు మరీ కొత్తదేమీ కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డులు ఇచ్చి, దేశంలో ఈ పనికి దారివేసిన బ్యాంకుల్లో ఒకటిగా పేరు పొందింది. (ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది.) ఇక అడగకుండా కార్డును పోస్టులో పంపడం అనే అలవాటు అమెరికాది. 1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణంలో సుమారు 60,000 మందికి, వారు అడగకపోయినా కార్డులు పోస్టులో పంపింది. నూటికి నలుగురు బాకీ సరిగా కట్టరేమో అనుకుంటే, నూటికి 22 ఖాతాలు మొండిపడ్డాయి. కార్డుల దొంగతనాలు కూడా జరిగాయి. చివరకు 1970లో ఆ దేశం, అడగని వారికి కార్డు పంపడాన్ని చట్టంతో నిషేధించింది. మన రిజర్వు బ్యాంకు 2005 నవంబరులో ఇదే మాట చెప్పింది, 2022 ఏప్రిల్ 21 నాటి ఆదేశాల్లో ఇంకా గట్టిగా చెప్పింది. మన సమ్మతి లేకుండా కార్డు ఇచ్చి, దాన్ని చాలూ చేసి, బిల్లు వేస్తే ఆ మొత్తాన్ని వెనక్కు తీసుకోవడమే కాక, దానికి రెండింతలు మనకు జరిమానాగా చెల్లించాలి.

కనుక కవరులో ఏముందో ముందు చూడాలి. ఉత్తరము, దరఖాస్తు ఫారము మాత్రమే ఉంటే అది ఆహ్వానం. వద్దనుకుంటే ఏమీ చేయనక్కరలేదు. ముందే మంజూరైంది అని రాసినా సంతకం తరువాత మళ్ళీ జీతం కాగితాలు, పాత అప్పుల చరిత్ర చూస్తారు. మనం అడగని కార్డే కవరులో వచ్చిందా, అప్పుడు చాలూ చేయవద్దు, ఎవరు ఫోను చేసినా ఓటీపీ చెప్పవద్దు. 30 రోజులు దాటినా చాలూ కాని కార్డుకు బ్యాంకు ఓటీపీ ద్వారా మన సమ్మతి అడగాలి, ఇవ్వకపోతే ఏ ఖర్చూ లేకుండా ఖాతా మూసేయాలి అన్నది కూడా ఆ ఆదేశాల్లోని నియమమే.

ఇక అసలు లెక్క. ఇది పదో తరగతి చక్రవడ్డీ లెక్కే, కాకపోతే పరీక్షలో మార్కులు పోతే ఇక్కడ జీతం పోతుంది.

బిల్లు ప్రతినెల 5వ తేదీన, గడువు 25వ తేదీన అనుకుందాం. 6వ తేదీన కొన్న వస్తువు వచ్చే నెల 5వ తేదీ బిల్లులోకి వెళ్తుంది, 25 వరకు గడువు. అంటే దాదాపు 50 రోజులు వడ్డీ లేని అప్పు. అదే 4వ తేదీన కొంటే 21 రోజులే. బిల్లు మొత్తం గడువులోగా కట్టేవాడికి ఈ కార్డు నిజంగానే లాభం, అందులో అనుమానం లేదు. కాని కొంత బాకీ మిగిలిస్తే వడ్డీ మొదలవుతుంది, ఆ తరువాత కొన్నవాటికి కూడా ఆ వడ్డీ లేని రోజులు ఉండవు. కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే ఆ రోజు నుండే వడ్డీ, పైగా ఫీజు.

వడ్డీ ఎంత? ఉత్తరంలో అతి చిన్న అక్షరాల్లో ఉన్నది ఇదే. చాలా కార్డుల మీద నెలకు 3.5 శాతం దాకా ఉంటుంది. మూడున్నర శాతం అంటే చదువుకున్నవాడికి చిన్నదిగా కనిపిస్తుంది. అదే మాటను ఇంట్లో నాయనకు మన లెక్కలో చెప్పి చూడండి: నూటికి మూడున్నర రూపాయల మిత్తి! రెండు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పుకే నిద్రపట్టని మనిషి, మూడున్నర అంటే ఆ ఇంటి గడప తొక్కవద్దంటాడు. సంవత్సరానికి అది 42 శాతం. వడ్డీ మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే నెలకు నూటికి 4 రూపాయల 13 పైసలు.

దీని బరువు తెలియాలంటే మన హాస్టలు లెక్కతోనే చూద్దాం. తెలంగాణ ప్రభుత్వం 2024లో కళాశాల విద్యార్థుల మెస్ ఛార్జీని నెలకు 1,500 నుండి 2,100 రూపాయలకు పెంచింది. కార్డు మీద 50,000 బాకీ ఉంటే ఒక నెల వడ్డీ, జీఎస్టీ కలిపి 2,065 రూపాయలు. మనలో ఒకరి నెల తిండి ఖర్చు దాదాపు అంతా బాకీకి మిత్తిగానే పోతుంది, అసలు మాత్రం అక్కడే ఉంటుంది.

బిల్లు మీద కనీస చెల్లింపు అని ఇంకొక చిన్న అంకె ఉంటుంది. మాకు తెలిసినంతలో కొత్త ఉద్యోగస్థులను ముంచేది ఇదే. 20,000 బాకీ ఉందనుకోండి. కనీసం 5 శాతం కట్టమంటే 1,000 కట్టాము, మిగిలింది 19,000. నెల తిరిగేసరికి వడ్డీ 665, దానిపై జీఎస్టీ సుమారు 120. బాకీ 19,785. కట్టింది వెయ్యి, తగ్గింది 215. కొత్తగా ఒక్క రూపాయి వాడకుండా ఇలాగే సంవత్సరం కడితే, మొత్తం కట్టింది సుమారు 11,300 రూపాయలు. ఇంకా మిగిలిన బాకీ సుమారు 17,560! నోటుపుస్తకంలో వేసి చూడండి, పన్నెండు వరుసలే. కనీసం కడితే ఆలస్యపు రుసుము తప్పుతుంది, అంతే.

కోర్టులు ఆదుకుంటాయా? జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో, కార్డు బాకీలపై ఏడాదికి 30 శాతం మించి వడ్డీ వేయడం అన్యాయమని తీర్పు చెప్పింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. కనుక ఎంత వడ్డీకి సంతకం చేశామన్నదే లెక్క.

ఇంతా చదివి కార్డే వద్దు అనుకోవలసిన పని లేదు. అర్ధరాత్రి అమ్మను దవాఖానలో చేర్చవలసి వచ్చినప్పుడు, ముందు డబ్బు కట్టమని కౌంటరులో అన్నప్పుడు కార్డు అక్కరకు వస్తుంది. మనలో చాలామందికి అప్పుల చరిత్ర అనేదే లేదు. సిబిల్ స్కోరు 300 నుండి 900 వరకు ఉంటుంది. చిన్న కార్డు తీసుకొని ప్రతినెల పూర్తిగా కడితే, రేపు ఇంటి రుణానికో, చెల్లెలి చదువు రుణంలో మన పేరు చేర్చడానికో ఆ చరిత్ర పనికొస్తుంది. కట్టకపోతే అదే చరిత్ర అడ్డం నిలుస్తుంది. ఇక్కడ ఇంజనీరింగు చదువుతున్న తమ్ముళ్ళకు మాత్రం, స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలియని రోజుల్లో కార్డు వద్దనే మా అభిప్రాయం. ఉద్యోగం స్థిరపడి, రెండు నెలల జీతం పక్కన పెట్టగలిగాక ఒక్క కార్డు చాలు. అదీ ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చేదైతే పరిమితి మన చేతిలోనే ఉంటుంది.

ఒక మాట మనకు ప్రత్యేకంగా చెప్పాలి. హాస్టల్లో సబ్బు, బకెట్టు, చొక్కా ఒకరివి ఒకరం వాడుకొని పెరిగాము. ఆ అలవాటుతోనే దోస్తు వచ్చి, నీ కార్డు మీద ఫోను కొంటాను, నెలనెలా ఇస్తాను అంటాడు. వాడి మనసు మంచిదే కావచ్చు. వాడి ఉద్యోగం పోతే మాత్రం బాకీ నీది, ఫోన్లు నీకు, స్కోరు పడేది నీది. చేతిలో ఉన్న డబ్బు ఇవ్వండి, కార్డు ఇవ్వకండి. కాదనలేకపోతే, కార్డు లేదని చెప్పినా మేము తప్పుపట్టము.

తీసుకోవాలని నిర్ణయించుకుంటే సంతకానికి ముందు ముఖ్య వివరాల పత్రం అడగండి. ఉచితం అన్నది మొదటి ఏడాదికా, ఎప్పటికీనా, ఇంత ఖర్చు చేస్తేనా? 500 రుసుము తప్పించుకోవడానికి 50,000 ఖర్చుపెట్టినవాళ్ళు ఉన్నారు. పరిమితిని మీరే తగ్గించి అడగవచ్చు. చిరునామా సొంతూరిది, ఉండేది అమీర్‌పేట రూములో అయితే బిల్లు ఊళ్ళో అటక మీద ఉంటుంది, గడువు ఇక్కడ దాటిపోతుంది. ఫోను నంబరు, ఈమెయిలు సరిగా రాయండి, వీలైతే జీతం ఖాతా నుండి మొత్తం బిల్లు దానంతటదే కట్టేటట్లు పెట్టుకోండి.

తీసుకున్నాక వద్దనిపిస్తే బాకీ అంతా కట్టి, మూసేయమని రాతపూర్వకంగా అడగండి. 2022 ఆదేశాల ప్రకారం ఏడు పనిదినాల్లో మూయాలి, ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయలు మనకు చెల్లించాలి. మూసినట్లు సమాచారం వచ్చాక కార్డును చిప్పు మీదుగా కత్తిరించండి. రెండు నెలలు ఆగి, ఏడాదికోసారి ఉచితంగా ఇచ్చే క్రెడిట్ రిపోర్టు తెప్పించుకొని, ఆ ఖాతా ఎదురుగా మూసివేయబడింది అని ఉందో లేదో చూసుకోండి.