మోకాలికి ‘గుజ్జు పెంచే’ ఇంజెక్షన్లు: వేయించుకునే ముందు తెలుసుకోండి



“మోకాలి గుజ్జు అరిగిపోయింది” అన్న మాట వినని ఇల్లు ఈ రోజుల్లో అరుదు. దానితో పాటు ఇంకొక మాట కూడా వినిపిస్తోంది: “ఆపరేషన్ అక్కర్లేదు, గుజ్జు మళ్ళీ పెరిగే ఇంజెక్షన్ ఉంది.” ఇవి వేలల్లో ఖర్చయ్యే సూదులు. మూలకణాల పేరు చెబితే ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. వడ్డీకి తెచ్చి, మెడలో గొలుసు తాకట్టు పెట్టి వేయించుకునేవారు ఉన్నారు. ఈ సూదులన్నీ మోసమని చెప్పడం ఈ పాఠం ఉద్దేశ్యం కాదు. ఏ సూదిలో ఏముంది, అది ఏమి చేయగలదు, ఏమి చేయలేదు అన్నది డబ్బు కట్టే ముందే మీకు తెలియాలి.

కీలులో ఏమి అరుగుతుంది?

తొడ ఎముక, కాలి ఎముక కలిసే చోట ఆ రెండింటి చివర్లను నున్నని మృదులాస్థి కప్పి ఉంచుతుంది. మనం గుజ్జు అనేది దీనినే. దీనిలో రక్తనాళాలు లేవు. చర్మం తెగితే రక్తం ద్వారా మరమ్మత్తు సామాగ్రి అందుతుంది, గాయం మానుతుంది. గుజ్జుకు ఆ సౌకర్యం లేదు కనుక అరిగినది తిరిగి పెరగడం చాలా కష్టం.

కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాడు వంటి దానిని స్నాయుబంధనం అంటారు. “నరం పట్టేసింది” అని మనం అనేది చాలాసార్లు దీని గురించే. మడమ వెనుక, మోచేయి బయటివైపు, భుజంలో ఇది దెబ్బ తింటుంటుంది. దీనికి కూడా రక్తసరఫరా తక్కువ. అందుకే మానడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది.

ఏ సూదిలో ఏముంది?

1. స్టెరాయిడ్: ఇది వాపును, నొప్పిని త్వరగా తగ్గించే మందు. గుజ్జును పెంచేది కాదు.

2. జెల్ ఇంజెక్షన్: కీలులో సహజంగా ఉండే జిగురు ద్రవం వంటి హయాలురోనిక్ ఆమ్లం. కొన్ని రకాలు కోడిపుంజు జుట్టు నుండి తయారవుతాయి. కోడిగుడ్డు, కోడిమాంసం పడనివారు ముందే చెప్పాలి.

3. పి.ఆర్.పి.: డెంగీ జ్వరంలో “ప్లేట్‌లెట్లు పడిపోయాయి” అని వింటుంటాం కదా, ఇవి ఆ ప్లేట్‌లెట్లే. మీ చేతి నుండి కొంత రక్తం తీసి, యంత్రంలో వేగంగా తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని వేరు చేసి నొప్పి ఉన్నచోట వేస్తారు. గాయం మానడానికి ప్లేట్‌లెట్లు కొన్ని పదార్థాలను విడుదల చేస్తాయి. అవి ఇక్కడ కూడా పని చేస్తాయన్నది దీని వెనుక ఉన్న ఆశ.

4. ప్రోలోథెరపీ: గాఢమైన గ్లూకోజ్ నీటిని కీలులోకి, దాని చుట్టూ ఉన్న బంధనాలలోకి ఎక్కిస్తారు. 1950లలో అమెరికా సర్జన్ జార్జ్ హాకెట్ దీనికి ఈ పేరు పెట్టారు. కొద్దిపాటి వాపు పుట్టించి శరీరాన్ని మరమ్మత్తుకు పురికొల్పాలన్నది ఆలోచన.

5. మూలకణాలు: ఎముక మజ్జ నుండి, కొవ్వు నుండి, లేదా బొడ్డుతాడు నుండి తీసిన కణాలు.

పరిశోధనల్లో ఏమి తేలింది?

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఏ సూది వేసినా కొంతమందికి నొప్పి తగ్గుతుంది. నొప్పి సహజంగానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా ఎక్కువైనప్పుడే మనం డాక్టరు దగ్గరకు వెళ్తాం. నయమవుతుందన్న నమ్మకం కూడా నొప్పిని తగ్గిస్తుంది. కాబట్టి మందు వేసినవారిని, తెలియకుండా ఉత్త సెలైన్ నీరు వేసినవారితో పోల్చి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఆస్ట్రేలియాలో మోకాలి అరుగుదల ఉన్న 288 మందిపై అలాంటి పరీక్ష చేసి, 2021లో ఫలితాలు ప్రకటించారు. కొందరికి పి.ఆర్.పి., కొందరికి సెలైన్, వారానికొకటి చొప్పున 3 సూదులు వేశారు. ఏడాది తరువాత 10 మార్కుల కొలతపై నొప్పి పి.ఆర్.పి. వారిలో సుమారు 2.1, సెలైన్ వారిలో 1.8 తగ్గింది. చెప్పుకోదగ్గ తేడా కాదు. గుజ్జు ఏ వర్గంలోనూ పెరగలేదు. రెండింటిలోనూ కొద్దిగా తగ్గింది. మరికొన్ని చిన్న పరీక్షలలో పి.ఆర్.పి.తో కొన్ని నెలల పాటు నొప్పి తగ్గినట్లు కనబడింది. అందువల్ల నిపుణులలో ఇంకా వాదన సాగుతోంది. కాని నొప్పి తగ్గడం వేరు, గుజ్జు పెరగడం వేరు. “గుజ్జు పెరుగుతుంది” అని ఎవరైనా ఖాయంగా చెబితే జాగ్రత్తపడండి.

దేనితో పోల్చారన్నది ఎందుకు ముఖ్యమో మోచేయి నొప్పి చక్కగా చూపిస్తుంది. 2010లో నెదర్లాండ్స్‌లో 100 మందిపై చేసిన పరీక్షలో, స్టెరాయిడ్ కంటే పి.ఆర్.పి. ఏడాది తరువాత మెరుగ్గా కనిపించింది. అయితే 2013లో ఆస్ట్రేలియాలో జరిగిన మరో పరీక్ష ఏమి చెప్పింది? స్టెరాయిడ్ వేయించుకున్నవారిలో 54 శాతం మందికి ఏడాదిలోపు మోచేయి నొప్పి తిరగబెట్టింది. ఉత్త సూది వేసినవారిలో అది 12 శాతమే. అంటే కాలక్రమంలో కీడు చేసే దానితో పోల్చితే ఏదైనా మంచిదిగానే కనబడుతుంది. సెలైన్ వంటి ఉత్త సూదులతో పోల్చిన పరీక్షలన్నిటినీ 2021లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. మోచేతికి పి.ఆర్.పి. వల్ల అదనపు మేలు ఉండకపోవచ్చని తేల్చింది.

స్టెరాయిడ్‌కు మోకాలిలో ఒక స్థానం ఉంది. బాగా వాచి నడవలేని స్థితిలో కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది. కాని 2017లో అమెరికాలో 140 మందిపై ప్రకటించిన పరీక్షలో, 12 వారాలకొకసారి రెండేళ్ళు వేయించుకున్నవారికి గుజ్జు ఎక్కువగా అరిగింది. నొప్పిలో మాత్రం తేడా లేదు. కనుక మాటిమాటికీ వేయించుకోకూడదు. మడమ వెనుక ఉన్న బంధనంలోకి అసలే వద్దు, అది తెగిపోయే ప్రమాదం ఉంది.

జెల్ సూదుల మేలు చాలా స్వల్పమని 169 పరీక్షలను కలిపి చూసిన 2022 నాటి సమీక్ష చెప్పింది. గ్లూకోజ్ సూదికి 2013లో 90 మందిపై చేసిన పరీక్షలో మంచి ఫలితమే వచ్చింది, కాని అది చిన్న పరీక్ష. మూలకణాల విషయానికి వస్తే, 2023లో అమెరికాలో 475 మందిపై ప్రకటించిన పరీక్షలో మూడు రకాల కణాలను స్టెరాయిడ్‌తో పోల్చారు. ఏడాది తరువాత ఏ రకమూ స్టెరాయిడ్‌ను మించలేదు.

మూలకణాల పేరుతో జాగ్రత్త

2018లో అమెరికాలో బొడ్డుతాడు రక్తం నుండి చేసిన సూదులు వేయించుకున్న 12 మంది బాక్టీరియా సోకి ఆస్పత్రి పాలయ్యారు. ఆ సూదులకు ప్రభుత్వ ఆమోదం లేదు. మన దేశంలో భారత వైద్య పరిశోధనా మండలి 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం ఆమోదం లేని మూలకణ చికిత్సను అనుమతి పొందిన పరిశోధనలో మాత్రమే ఇవ్వాలి. 2022లో మోకాలి అరుగుదలకు ఒక ఉత్పత్తికి అనుమతి వచ్చింది. ఒకదానికి అనుమతి ఉన్నంత మాత్రాన అన్నిటికీ ఉన్నట్లు కాదు.

సూదికి ముందు చేయవలసినవి

వీటికి ఖర్చు లేదు. మేలు చేస్తాయని గట్టి రుజువు ఉంది.

• బరువు: 1 కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలిపై సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది.

• తొడ కండరం: కాలు చాపుకొని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దానిని కిందికి నొక్కి 5 లెక్కపెట్టేవరకు ఉంచి వదలండి. 10 సార్లు, ఉదయం సాయంత్రం చేయండి. తరువాత చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం అలవాటు చేసుకోండి.

• మడమ వెనుక నొప్పి: మెట్టు అంచున మునివేళ్ళపై నిలబడి, గోడ పట్టుకొని, మడమలను మెల్లగా కిందికి దించాలి. ఈ వ్యాయామాన్ని 12 వారాలు విడువకుండా చేయాలి. ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి నేర్చుకుంటే మేలు.

• గొంతుక్కూర్చోవడం, నేలమీద మఠం వేసుకోవడం తగ్గించండి. ఎత్తు పీట, కమోడ్ కుర్చీ వాడండి.

రెండు మూడు నెలలు క్రమంగా చేయకుండా “వ్యాయామం పని చేయలేదు” అనుకోవద్దు.

డాక్టరు గారిని అడగవలసిన ప్రశ్నలు

1. నాకున్న జబ్బు ఏమిటి? గుజ్జా, బంధనమా, ఎముకా?
2. ఈ సూదిలో ఏముంది? దీనికి ప్రభుత్వ ఆమోదం ఉందా?
3. నొప్పి తగ్గుతుందా, ఎన్ని నెలలు? తగ్గకపోతే తరువాత ఏమి?
4. మొత్తం ఎన్ని సూదులు, ఎంత ఖర్చు?
5. వేయించుకోకపోతే నష్టం ఏమిటి?

ఈ ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పేవారి దగ్గరే వేయించుకోండి. “ఈ రోజే కడితే తగ్గింపు” అంటే ఇంటికి వచ్చేయండి. కీలులోకి సూదిని ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర ఎన్నడూ వేయించుకోవద్దు.

సూదికి ముందు, తరువాత

షుగరు ఉన్నా, రక్తం పలుచబరచే మందులు వాడుతున్నా, జ్వరం గాని చర్మంపై పుండు గాని ఉన్నా ముందే చెప్పండి. స్టెరాయిడ్ తరువాత కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది, పరీక్ష చేయించుకుంటూ ఉండండి. పి.ఆర్.పి. తరువాత రెండు మూడు రోజులు నొప్పి పెరగడం మామూలే.

అయితే కీలు ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బి, జ్వరం వచ్చి, కాలు కదపలేనంత నొప్పి ఉంటే అది కీలులో చీము పట్టిన సూచన కావచ్చు. తెల్లవారేదాకా ఆగవద్దు. మందుల షాపులో మాత్రలు కొని వేసుకోవద్దు. వెంటనే ఆస్పత్రికి రండి. ఆలస్యమైతే కొద్ది రోజుల్లోనే మిగిలిన గుజ్జు కూడా పాడవుతుంది.

గుర్తుంచుకోండి

• నొప్పి తగ్గించే సూదులు ఉన్నాయి. అరిగిన గుజ్జును తిరిగి పెంచుతుందని గట్టిగా రుజువైన సూది ఇంతవరకు లేదు.
• వ్యాయామం, బరువు తగ్గడం ముందు. సూది తరువాత.
• అప్పు చేసి వేయించుకునేంత తొందర ఈ సూదులలో దేనికీ లేదు. ఇంకొక డాక్టరు సలహా తీసుకోవడానికి మీకు సమయం ఉంది.