మేనకోడలికి బీమా పాఠం

చిత్తూరు

చి. సుజాతకు,

మొన్న నువ్వు అడిగినవి ఫోన్‌లో తెగే సంగతులు కావు. పైగా మీ వీధి రొదలో నేను చెప్పింది నీకు సగమే వినబడింది. అందుకే కాగితం పట్టుకున్నా.

ముందు భయం సంగతి. బీమా ఏజెంటు కావడానికి నువ్వు రాయబోయే ఐసీ-38 పరీక్షలో 50 ప్రశ్నలు, గంట టైము. 35 శాతం వస్తే పాసు, తప్పు పెట్టినా మార్కులు కోయరు. 18 సరిగ్గా పెడితే గట్టెక్కుతావు. తెలుగులోనూ రాయొచ్చు. పదో తరగతి చదివినవాళ్లు రాసే పరీక్షకు ఎంకామ్ చదివిన నువ్వు వణకడమేంటి? ఊరంతా దీన్ని లైసెన్సు పరీక్ష అనే అంటారు గానీ, 2015లో బీమా చట్టాన్ని సవరించాక ఏజెంట్లకు లైసెన్సులు ఇచ్చే పని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐకి లేదు. నువ్వు పాసైతే కంపెనీయే నియామక పత్రం ఇస్తుంది. చట్టం మీద ప్రశ్నలొచ్చే భాగంలో ఇలాంటివే అడుగుతారు. 1973లో 107 సాధారణ బీమా కంపెనీలను నాలుగుగా కలిపారనీ, ఐఆర్‌డీఏఐ ఆఫీసు హైదరాబాదులో ఉందనీ ఒక రాత్రి బట్టీ కొడితే చాలు.

నాకు బెంగ వేరే చోట ఉంది. ఏళ్లతరబడి క్లెయిముల సీట్లో కూర్చున్నవాణ్ణి. ఆ టేబుల్ ముందు జరిగే గొడవల్లో ముప్పావు వంతు పాలసీ రాసిన రోజే పుట్టి ఉంటాయి. ప్రపోజల్ ఫారం నింపేటప్పుడు ఏజెంటు అడగనిది ఒకటి, పార్టీ చెప్పనిది ఒకటి. రెండూ కలిసి క్లెయిమ్ నాడు బయటపడతాయి. కాబట్టి పుస్తకంలో ఏ సూత్రం చదివినా, ‘రేపు నష్టం జరిగాక ఇది ఎవరి మెడకు చుట్టుకుంటుంది’ అని అడుగుతూ చదువు. అప్పుడు బట్టీతో పనుండదు.

మొదటి చాప్టరులోనే ప్యూర్ రిస్క్, స్పెక్యులేటివ్ రిస్క్ అని వస్తుంది. దానికి మన మామిడి చాలు. 2025లో తోతాపురి ధర ఎట్లా పడిపోయిందో నువ్వూ చూశావు. కిలోకి 12 రూపాయలు దక్కేలా చూస్తామని ప్రభుత్వమే 4 రూపాయలు కలపాల్సి వచ్చింది. ధర పెరిగితే లాభం, పడితే నష్టం. ఇది స్పెక్యులేటివ్ రిస్క్, ఫైర్ పాలసీ దీని జోలికి పోదు. అదే గుజ్జు ఫ్యాక్టరీలో నిప్పంటుకుంటే నష్టమే తప్ప లాభం ఉండదు. అదీ ప్యూర్ రిస్క్, బీమా ఉన్నది దానికే.

ఆ ఫ్యాక్టరీలోనే ఇంకో రెండు మాటలు నేర్చుకో. నష్టం తెచ్చే నిప్పు పెరిల్. బాయిలర్ పక్కన గుట్టగా వేసిన గోనెసంచులు, అతుకులు పడ్డ వైరింగు ఆ నిప్పు అవకాశాన్ని పెంచేవి, అంటే ఫిజికల్ హజార్డ్. ఇంక మోరల్ హజార్డ్ అని ఒకటుంది, అది గోడల్లో కనిపించదు. సరుకు అమ్ముడుపోక గోడౌన్ నిండిపోయి, బ్యాంకు వడ్డీ తరుముతున్నప్పుడు ఓనరు వచ్చి సమ్ ఇన్సూర్డ్ పెంచమన్నాడనుకో. పెంచొద్దని అనను. కానీ స్టాకు రిజిస్టరు చూడకుండా పెంచొద్దు. ఓనర్లలో నూటికి తొంభైమంది నిజాయితీపరులే. మిగతా పదిమంది మోసానికి కట్టాల్సింది కూడా ఈ తొంభైమంది ప్రీమియంలోనే కలుస్తుంది.

ఇన్సూరబుల్ ఇంటరెస్ట్, అంటే బీమా చేసింది పోతే తనకే నష్టం కలిగేంత సంబంధం, దానిమీద తప్పకుండా ప్రశ్న ఉంటుంది. ఎప్పుడు ఉండాలి అని అడుగుతారు. జీవిత బీమాకు పాలసీ తీసుకునేటప్పుడు ఉంటే చాలు. ఫైర్‌కు తీసుకునేటప్పుడూ, నష్టం జరిగేటప్పుడూ ఉండాలి. మెరైన్ కార్గోకు నష్టం జరిగేటప్పుడు ఉండాలి. దీన్ని సెకండ్ హ్యాండ్ బండ్లతో కలిపి గుర్తుపెట్టుకో, మరువవు. బండి చేయి మారితే, మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ భాగం దానంతటదే కొత్త ఓనరుకు మారుతుంది. సొంత బండికి జరిగే నష్టం, అంటే ఓన్ డ్యామేజ్ భాగం, అట్లా మారదు. కొత్త ఓనరు 14 రోజుల్లోగా తన పేరుకు మార్చుకోవాలి. మార్చుకోకుండా తిరిగి, గుద్దుకున్నాక ఆఫీసుకు వస్తే పాలసీ పాత ఓనరు పేరున ఉంటుంది, ఆయనకేమో బండితో సంబంధమే లేదు. పాలసీ ఉన్నా డబ్బు రానిది ఇట్లాంటప్పుడే.

పరస్పర సంపూర్ణ విశ్వాసం అన్న సూత్రానికి ప్రతి పుస్తకం 1766 నాటి కార్టర్ వర్సెస్ బోమ్ కేసును చెబుతుంది. సుమత్రాలో ఈస్టిండియా కంపెనీ కోట ఒకటుండేది. శత్రువులు పట్టుకుంటే నష్టం వస్తుందని దాని గవర్నరు లండన్‌లో బీమా చేయించాడు. ఫ్రెంచివాళ్లు పట్టుకున్నారు. కోట బలహీనమని దాచిపెట్టాడు కాబట్టి ఇవ్వనన్నాడు బీమాదారు. పుస్తకాలు ఇక్కడే ఆగిపోతాయి. తీర్పు మాత్రం గవర్నరు పక్షానే వచ్చింది. ఆ సంగతులు బీమాదారు తెలుసుకోగలిగినవే, ఆయన అడగనూ లేదు అన్నాడు జడ్జి మాన్స్‌ఫీల్డ్. దాచకపోవడం పార్టీ బాధ్యత అయితే, అడగడం మన బాధ్యత. ఫారంలో ఖాళీ గడిని ఖాళీగా వదిలేసి సంతకం పెట్టించుకునే ఏజెంటు ఈ కేసు సగమే చదివినట్టు లెక్క.

పలమనేరు సంతలో సీమావును కొని, మర్నాడే పాలసీ కావాలని వచ్చే రైతును చూడు. ఈత ఎన్నోది, పాలెన్ని, అంతకుముందు జబ్బు చేసిందా, ఇవన్నీ అడగాల్సింది నువ్వే. చెవికి ట్యాగు వేయించి నంబరు నీ కళ్లతో చూసి రాయి. ట్యాగు లేకుంటే క్లెయిమ్ లేదు. పాలసీ మొదలైన 15 రోజుల్లోపు వచ్చిన జబ్బుకు కవర్ ఉండదన్న సంగతి కూడా ఆయనకు ముందే చెప్పు. ఆవు చచ్చిపోయిన రోజు చెబితే ఆ మాట శాపంలా వినిపిస్తుంది.

ఇంక ఇండెమ్నిటీ. ఉన్న స్థితికి తిరిగి చేర్చడమే తప్ప ఒక్క రూపాయి లాభం రాకూడదు. ఇది అందరికీ అర్థమవుతుంది. దాని వెనకాలే వచ్చే యావరేజ్ క్లాజు దగ్గరే పరీక్షలో పిల్లలూ, బయట వ్యాపారులూ బోల్తా పడతారు. కాగితం తీసుకుని నాతోపాటు లెక్క వెయ్యి. గోడౌన్‌లో సరుకు విలువ 40 లక్షలు. ప్రీమియం మిగులుతుందని ఓనరు 25 లక్షలకే బీమా చేయించాడు. నిప్పంటుకుని 8 లక్షల సరుకు కాలింది. ‘నా పాలసీ 25 లక్షలు, నష్టం 8 లక్షలే కదా, మొత్తం ఇయ్యండి’ అంటాడు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ 40 లక్షల సరుకులో 25 లక్షల మేరకే కంపెనీ బరువు మోసింది, మిగతా 15 లక్షలకు ఆయనే తన బీమాదారు. అందుకని నష్టాన్ని కూడా ఆ పాళ్లలోనే పంచుకోవాలి. ఎనిమిదిని ఇరవై ఐదుతో హెచ్చించి నలభైతో భాగిస్తే ఐదు. ఐదు లక్షలు వస్తాయి, మూడు లక్షలు ఓనరు చేతినుంచి పోతాయి. ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిములో ఓనరే భరించాల్సిన మొత్తం, ఉంటే అదీ తీసెయ్యాలి.

దీనిమీద ఎంతమంది నాతో గొంతు పెంచారో! వాళ్లను తప్పుపట్టను, వాళ్లకు ముందు ఎవరూ ఈ లెక్క వేసి చూపలేదు. 2021 ఏప్రిల్ 1 నుంచి రొంత ఊరట వచ్చింది. 5 కోట్ల లోపు ఆస్తులున్న యూనిట్లకు వచ్చే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షలో 15 శాతం వరకు తక్కువ చేయించినా పట్టించుకోరు. మనం వేసిన లెక్కలో తక్కువైంది 37.5 శాతం, కాబట్టి ఆ ఊరట ఆయనకు అందదు. ఇళ్లకు వచ్చే భారత్ గృహ రక్షలో అయితే యావరేజ్ క్లాజే లేదు. ఇల్లు కట్టుకున్నవాళ్లకు అంత సులువైన పాలసీని తిరుపతిలో ఎంతమంది తీసుకున్నారో నువ్వే మీ వీధిలో అడిగి చూడు.

ప్రాక్సిమేట్ కాజ్‌కు, అంటే నష్టానికి అసలు కారణం ఏదో తేల్చడానికి, నీ కళ్లముందు జరిగినదే ఉదాహరణ. 2021 నవంబరు 18 నాటి మీ తిరుపతి వాన. తిరుమల ఘాట్ రోడ్డు మీద కొండచరియలు, స్వర్ణముఖి పొంగు, ఆ తర్వాత రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించడం. ఆ వానకు అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో నిలిపిన కార్లూ నీళ్లలో మునిగాయి. ఓన్ డ్యామేజ్ పాలసీలో వరద ఉంది కాబట్టి తడిసిన సీట్లకు, వైరింగుకు డబ్బు వస్తుంది. అయితే నీళ్లు పూర్తిగా దిగకముందే కంగారులో తాళం తిప్పి స్టార్ట్ చేస్తే, ఇంజిన్ నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. సర్వేయర్ ఇంజిన్ విప్పి చూసి, ఇది వరద చేసిన పని కాదు, స్టార్ట్ చేసినందుకు జరిగిందని రాస్తాడు. వరదకు డబ్బిచ్చి ఇంజిన్‌కు ఇవ్వరు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ ఉన్నది ఇందుకే. నీ కస్టమర్లకు వానాకాలానికి ముందు ఒక్క మెసేజ్ పెట్టు: బండి మునిగితే తాళం ముట్టుకోవద్దు, ఫొటో తీసి, తోయించుకుని పోండి.

దొంగతనం పాలసీలో కూడా ఇదే పేచీ. 2004లో యునైటెడ్ ఇండియా, హర్‌చంద్ రాయ్ చందన్ లాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పాలసీలో బలవంతంగా చొరబడటం అని రాసి ఉంటే తాళం పగలడమో గోడకు కన్నం పడటమో ఉండాలి, ఊరకే సరుకు మాయమైతే రాదు. పాలసీలో ఏ మాట ఉందో ఆ మాటకే డబ్బు. షాపులవాళ్లకు ఇది చదివి వినిపించి సంతకం పెట్టించుకో.

థర్డ్ పార్టీ గురించి నీకు తెలిసిందే ఎక్కువ. మోటారు వాహనాల చట్టంలో 146వ సెక్షన్ ప్రకారం అది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. మొగిలి ఘాట్‌లో లారీ ఎవరినైనా గుద్దితే, డ్రైవరు లైసెన్సు దొంగదని తేలినా, కంపెనీ ముందు బాధితులకు కట్టి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెబుతాయి. 2004 నాటి స్వరణ్ సింగ్ కేసు దీనికి ఆధారం. చట్టం చూసేది రోడ్డు మీద పడ్డవాణ్ణి.

సబ్రోగేషన్, కాంట్రిబ్యూషన్ రెండూ ఇండెమ్నిటీ పిల్లలే. లారీ గుద్ది షాపు గోడ పడితే, షాపు ఓనరుకు మనం డబ్బిచ్చి, ఆ లారీవాడి మీద ఆయనకున్న హక్కును మనం తీసుకుంటాం. అదే గోడకు రెండు కంపెనీల పాలసీలుంటే ఇద్దరూ వాటాలు వేసుకుంటారు. ఇంతే, దీనిమీద ఎక్కువసేపు కూర్చోకు. బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ మాత్రం గట్టిగా పట్టుకో. ప్రీమియం చేతికి అందకుండా రిస్కు మొదలు కాదు. ‘పాలసీ రాసెయ్, సాయంత్రం డబ్బు పంపిస్తా’ అనేవాళ్లు నీకూ తగులుతారు, చుట్టాల్లోనే ఎక్కువ తగులుతారు. కమిషన్లో కొంత వెనక్కి ఇవ్వమని అడిగేవాళ్లకు 41వ సెక్షన్ ఉంది. అట్లా ఇవ్వడం నేరం, జరిమానా 10 లక్షల దాకా ఉంది. ఆర్టీవో ఆఫీసు ముందు బల్లలు వేసుకున్నవాళ్లను చూసి అదే పద్ధతనుకోకు.

చదివేటప్పుడు తెలుగు పుస్తకాన్నీ, ఒక అసలు పాలసీ కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకో. మీ ఇంట్లోదే తీసుకో. మీ నాయన స్కూటర్ పాలసీ బీరువాలో ఉంటుంది. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త టూవీలర్‌కు థర్డ్ పార్టీ ఐదేళ్లకు ఒకేసారి కట్టించుకుంటున్నారు. దాన్ని చూసి బండికి ఐదేళ్లు ఇన్సూరెన్స్ ఉందని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఓన్ డ్యామేజ్ మామూలుగా ఒక ఏడాదికే ఉంటుంది. ఆయన కొని రెండేళ్లు దాటిందంటున్నావు కాబట్టి ఆ భాగం ఎప్పుడో అయిపోయి ఉండొచ్చు. అయిపోయి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది, కొత్త పాలసీకి బండిని ఇన్‌స్పెక్షన్‌కు చూపించమనొచ్చు. తేదీలు చూసి నాకు ఫోన్ చెయ్యి. ఆదివారం అయితే బాగుంటుంది, ఆ రోజు ఇంట్లోనే ఉంటాను. అక్కనూ బావనూ అడిగానని చెప్పు.

మీ మామ