సముద్రంలో గాలింపు, రక్షణ: ఎవరి బాధ్యత ఏది?

సముద్రంలో ఆపదకు గురైనవారిని, వారు ఏ దేశస్థులైనా సరే, వెతికి కాపాడాలని నిర్దేశించే 1979 నాటి హాంబర్గ్ ఒప్పందాన్ని అనుసరించి భారత్‌కు దక్కిన సుమారు 46 లక్షల చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో సమన్వయ బాధ్యత తీర రక్షక దళానిది. జాతీయ సముద్ర గాలింపు, రక్షణ మండలికి ఆ దళపు డైరెక్టర్ జనరలే అధ్యక్షత వహిస్తారు. ముంబయి, చెన్నై, శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్‌బ్లెయిర్) సమన్వయ కేంద్రాలు ఆపద సంకేతాలను అందుకొని, నౌకాదళానికి, వాయుసేనకు, సమీపంలోని వాణిజ్య నౌకలకు పనులు పంచుతాయి; ఘటనాస్థలంలో వాటిని నడిపే అధికారిని స్థల సమన్వయకర్త అంటారు.

ఈ గాలింపులో విస్మరించరాని మరో సంస్థ హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం. నీటిలో ఉన్నవారికి ప్రతి గంటా ప్రాణప్రదమే కనుక, గాలులను, ప్రవాహాలను లెక్కగట్టి, గల్లంతైన మనిషి లేదా పడవ ఎటు కొట్టుకుపోయి ఉంటుందో అంచనా వేసే ‘సారత్’ సాధనాన్ని అది 2016లో అందుబాటులోకి తెచ్చింది.