లంకలలో మేకల పెంపకము

పాపికొండల ఇఱుకులో ఒదిగి ప్రవహించిన గోదావరి పోలవరమువద్ద మైదానమును చూడగానే వెడల్పగును. వేగము తగ్గిన నీరు తాను మోసికొని వచ్చిన ఇసుకను, ఒండ్రును నడుమనడుమ విడిచిపెట్టును. అట్లేర్పడిన దిబ్బలపై మొదట రెల్లు మొలచును. పిదప తుమ్మ పెరుగును. ఆ తరువాత మనుష్యుడు వచ్చును. ఇవియే లంకలు.

లంకనేల సారవంతమైనది. పొగాకు, మిరప, కూరగాయలు చక్కగా పండును. కాని సొంతభూమి అందఱికిని లేదు. ఏరు గట్టును కోసికొనిపోయిన యేడు ఎకరము గలవాడును కూలివాడగును. అట్టి ఇంటికి మేక ఆధారము. గేదెను కొనుటకు పెట్టుబడి కావలెను; దినమునకు మోపులకొలది గడ్డి కావలెను. మేకకు గట్టుమీది తుప్పలు, తుమ్మకాయలు, అవిసెమండలు చాలును. వెనుకకాళ్లపై నిలిచి కొమ్మ నందుకొని మేయగల జంతువది. ఐనను కనబడినదెల్ల తినునను మాట నిజము కాదు. అడ్డసరము నది ముట్టదు. బురద యంటిన గడ్డిని మూతి త్రిప్పికొని విడిచిపెట్టును.

మేక చూలు అయిదు నెలలు. తఱచుగా ఈతకు రెండేసి పిల్లలు పుట్టును. ఒక్క మేకతో మొదలిడిన ఇల్లాలు కొన్ని యేండ్లలో చిన్నమందకు యజమానురాలగును. పిల్లవాని పుస్తకములకో, ఇంటివారి వైద్యమునకో ఒక పోతు నమ్మును. మంద నిలిచియే యుండును. గేదెను అట్లు కొంచెము కొంచెముగా అమ్ముకొన వీలులేదు గదా! ఇక ఆ మేక పొరుగువాని మిరపతోటలో దూరిన నాడు జరుగు వాగ్వాదము పిల్లలు వినదగినది కాదు.

అసలు పరీక్ష వరదల కాలమున వచ్చును. ధవళేశ్వరమువద్ద ప్రవాహము 10 లక్షల క్యూసెక్కులకు చేరినపుడు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది యెగురవేయుదురు. 2022 జూలైలో అది 25 లక్షలను మించెను. 1986 ఆగస్టునాటి వరద అంతకంటెను పెద్దది. అట్టి వేళ పడవలో మొదటిచోటు మనుష్యులదే. మేకల వంతు తరువాత వచ్చును. గట్టున నిలిచిన బేరగాడు నీటిమట్టమును చూచి ధర చెప్పును. అందుచేత తెలిసినవారు జ్యేష్ఠమాసముననే పోతులను అమ్మివేసి, ఈనెడి మేకలను మాత్రము ఉంచుకొందురు. వానలకు ముందే వానికి చిటుకురోగమునకు టీకా వేయింతురు. పారుడురోగపు టీకా లేనివానికి అదియును వేయింతురు.

నీరు తీసినంతమాత్రమున అపాయము తీఱదు. ఒండ్రు పట్టిన గడ్డి కడుపునకు చేటు. నిలువనీటి నత్తలవలన కార్జపుజలగ వ్యాధి సోకును. తడిలో నిలిచిన గిట్టలు పుండ్లు పడును. కావున లంకవారు మేకలను వెంటనే మేతకు విడువరు. కొత్తచిగురు వచ్చువఱకు మిట్టమీదనే కట్టివేసి, రావి, అవిసె మండలు కోసి తెచ్చి వేయుదురు. ఆ మండలు తెచ్చుపని తఱచు బడినుండి వచ్చిన పిల్లలదే.