పాచిక చెప్పిన నిజం

అక్కలారా! మొన్న రాత్రి మన కేంద్రంలో ఒక అక్క అడిగింది.

"టీచరమ్మా, సర్కారు కొలువు చేసేవాళ్ల మనసులో మోసం ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది?"

మంచి ప్రశ్న. "మీరు లంచం తీసుకుంటారా?" అని అడిగితే ఎవరైనా ఏమంటారు? "అబ్బే, లేదండీ" అంటారు. నోటి మాటతో మనసును కొలవలేం. మరి దేనితో కొలవాలి?

రీమా హన్నా, షింగ్ యీ వాంగ్ అనే ఇద్దరు పరిశోధకులు పాచికతో కొలిచారు. ఇద్దరూ ఆడవాళ్లే. మనం వైకుంఠపాళిలో వేస్తామే, ఆ పాచికే!

బెంగుళూరులో కాలేజీ పిల్లలకు పాచిక ఇచ్చారు. "42 సార్లు వేయండి. ఎన్ని చుక్కలు పడ్డాయో మీరే రాసుకోండి. ఎక్కువ చుక్కలకు ఎక్కువ డబ్బు" అన్నారు. పక్కన ఎవరూ చూడరు. అబద్ధం రాసినా అడిగేవారు లేరు.

మనం లెక్క వేద్దాం.

పాచికకు 6 ముఖాలు.
1 + 2 + 3 + 4 + 5 + 6 = 21
42 సార్లు వేస్తే ఒక్కో ముఖం సుమారు 7 సార్లు పడుతుంది.
21 × 7 = 147

నిజం రాస్తే 147కి అటూ ఇటూ వస్తుంది. 160 వస్తే? అదృష్టం కావచ్చు. 200 వస్తే? అంత అదృష్టం లక్షమందిలో ఒకరికి కూడా ఉండదు. ఒక్కరి లెక్క చూసి దొంగ అనకూడదు. చాలామంది లెక్కలు కలిపి చూడాలి.

ఏం తేలింది? ఎక్కువ చుక్కలు రాసిన పిల్లలే ప్రభుత్వ ఉద్యోగం కావాలని కొంచెం ఎక్కువగా కోరారు. కర్ణాటకలో ప్రభుత్వ నర్సుల చేత కూడా పాచిక వేయించారు. అక్కడ ఎక్కువ చుక్కలు రాసినవాళ్లే డ్యూటీకి ఎక్కువగా డుమ్మా కొట్టారు. ఈ పరిశోధన 2017లో అచ్చయింది.

అయితే సర్కారు ఉద్యోగులంతా ఇంతేనా? కాదు. డెన్మార్క్ దేశంలో ఇలాంటి పరీక్షే పెట్టారు. అక్కడ నిజాయితీ ఉన్న పిల్లలే ప్రభుత్వ ఉద్యోగం కోరారు. కొలువు చెడ్డది కాదు. ఆ కొలువుకు ఎవరు వస్తున్నారన్నదే ముఖ్యం.

నర్సమ్మ రాకపోతే బిడ్డకు టీకా తప్పుతుంది. మరి మనమేం చేయగలం? మనకు రాయడం వచ్చింది కదా! టీకాల రోజున నర్సమ్మ వస్తే క్యాలెండరులో సున్న చుట్టండి. రాకపోతే అడ్డగీత గీయండి. సెలవా, మీటింగా అని ఆమెనే అడిగి అదీ రాయండి.

"ఆమె ఎప్పుడూ రాదు" అంటే అది తగువు. "6 నెలల్లో 2 సార్లు రాలేదు, ఇవిగో తేదీలు" అంటే అది లెక్క. గ్రామసభలో లెక్కకు జవాబు చెప్పాలి.

చెప్పండి:
1. నోటితో అడిగితే నిజం ఎందుకు తెలియదు?
2. పాచికను 12 సార్లు వేస్తే సుమారు ఎన్ని చుక్కలు రావాలి?
3. మీ ఊరిలో మీరు దేనికి లెక్క రాస్తారు?