కొత్త ప్రాసెసర్ కొనే ముందు స్టాప్‌వాచ్ తీయండి



"మేడమ్, కంప్యూటర్ స్లో అయిందని, కొత్త ప్రాసెసర్ కొనమని మావాడు రోజూ గొడవ. నిజంగా అవసరమా?" అని పేరెంట్-టీచర్ మీటింగ్‌లో ఒక అమ్మగారు అడిగారు. వేల రూపాయల ఖర్చు కదా, "సరే" అనే ముందూ, "నోరు మూసుకో" అనే ముందూ ఒక లెక్క వేద్దాం. ఎనిమిదో తరగతి శాతాలు వస్తే చాలు, పిల్లలే వేయగలరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంట్లో 2018లో కొన్న కంప్యూటర్ ఉంది. అందులో ఇంటెల్ కోర్ ఐ5 8400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్ ఉన్నాయి. బాబు కన్ను 2024 అక్టోబర్ 24న మార్కెట్లోకి వచ్చిన కోర్ అల్ట్రా 5 245కె మీద పడింది.

ఒక ప్రాజెక్ట్ ఫైల్ తెరవడానికి 60 సెకన్లు పడుతోందనుకోండి. అందులో 40 సెకన్లు హార్డ్ డిస్క్ నుంచి డేటా రావడానికి, మిగతా 20 సెకన్లు ప్రాసెసర్ పనికి. రెట్టింపు వేగం గల ప్రాసెసర్ పెడితే ఆ 20 కాస్తా 10 అవుతుంది. మొత్తం 50 సెకన్లు. అంటే తగ్గింది సుమారు 17 శాతమే. పాత ప్రాసెసర్ అలాగే ఉంచి, నాలుగు రెట్లు వేగంగా చదివే ఎస్‌ఎస్‌డీ పెడితే 40 సెకన్లు 10 అవుతుంది. మొత్తం 30, సరిగ్గా సగం! ప్రాసెసర్ వేగం ఎంత పెంచినా ఆ మొదటి 40 సెకన్లలో ఒక్కటి కూడా తగ్గదు. ఐబీఎం సిస్టమ్/360 రూపకర్తల్లో ఒకరైన జీన్ ఆమ్‌డాల్ 1967లో సమాంతర ప్రాసెసర్ల గురించి చేసిన వాదన సారం ఇదే. ఇప్పుడు దాన్ని ఆమ్‌డాల్ సూత్రం అంటున్నారు. 'కాలం-పని' లెక్కలు చేసే పిల్లలకు ఇది కొత్తేమీ కాదు.

మరి మన కంప్యూటర్‌లో ఆలస్యం ఎక్కడ? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. స్లోగా ఉన్న పనిని నడుపుతూనే 'పెర్ఫార్మెన్స్' చూడమనండి. డిస్క్ 100 శాతం దగ్గరే నిలిచిపోతే ఎస్‌ఎస్‌డీ కావాలి. మెమరీ నిండిపోతే ర్యామ్ కావాలి. గేమ్‌లో గ్రాఫిక్స్ కార్డ్ 100కి చేరితే కొత్త ప్రాసెసర్ వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఐ5 8400లో ఆరు కోర్లు. ఒక ప్రోగ్రామ్ ఒకే కోర్‌ను పూర్తిగా వాడుకుంటే మొత్తం సీపీయూ అంకె 17 శాతం దగ్గరే కనిపిస్తుంది. అంకె తక్కువగా ఉంది కాబట్టి ప్రాసెసర్ ఖాళీగా ఉందని వెంటనే తేల్చేయకండి.

ఇక ఖర్చు. విడుదలప్పుడు 245కె ధర 309 డాలర్లని ప్రకటించారు. కానీ చిప్ ఒక్కటే కొంటే కుదరదు. పాత మదర్‌బోర్డు సాకెట్‌కు 1151 కాంటాక్టులు, కొత్తదానికి 1851. కాబట్టి మదర్‌బోర్డు మారాలి. పాత డీడీఆర్4 ర్యామ్ అందులో పనిచేయదు, డీడీఆర్5 కొనాలి. 'కె' రకం చిప్‌తో కూలర్ రాదు, అదీ విడిగానే. సికింద్రాబాద్ సీటీసీలో గానీ, మీ ఊరి షాపులో గానీ ఈ నాలుగింటికీ కలిపి కొటేషన్ రాయించుకోండి. చిప్ ధర ఒక్కటే విని ఇంటికి రావద్దు.

ఏఎండీ వాళ్ల ఇంట్లో పరిస్థితి వేరు. 2017 నాటి ఏఎం4 మదర్‌బోర్డుల్లో చాలావాటికి బయాస్ అప్‌డేట్ చేస్తే రైజెన్ 5000 చిప్‌లు సరిపోతాయి. మీ మోడల్ పేరు కంపెనీ వెబ్‌సైట్ లిస్టులో ఉందో లేదో చూస్తే చాలు.

కొత్తదంటే తప్పకుండా వేగమైనదే అని కూడా అనుకోవద్దు. ఈ కోర్ అల్ట్రా సిరీస్ కరెంటు తక్కువ వాడుతుంది గానీ, విడుదలైనప్పుడు చాలా గేమ్‌లలో ఇంటెల్ సొంత 14వ జనరేషన్ చిప్‌ల కంటే వెనకబడింది. మొదటి నెలలోనే కొనాలన్న తొందర నాకైతే అర్థం కాదు.

విండోస్ సంగతి మాత్రం చూసుకోవాలి. విండోస్ 10కి మామూలు ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇంటెల్ 8వ జనరేషన్ అయిన ఐ5 8400ని విండోస్ 11 ఒప్పుకుంటుంది. బయాస్‌లో టీపీఎం ఆన్ చేయాల్సి రావచ్చు. 7వ జనరేషన్ ఐ5 ఉన్న ఇళ్లలో ఆ వీలు లేదు. వాళ్లకు మార్పు గురించి ఆలోచించడానికి ఇది గట్టి కారణమే.

స్కూల్ పనికి, అంటే పైథాన్, ఎక్సెల్, ఆన్‌లైన్ క్లాసులకు, ఐ5 8400 చాలు. దానికి ఎస్‌ఎస్‌డీ, ఇంకో 8 జీబీ ర్యామ్ జోడించండి. బాబు నిజంగా బ్లెండర్‌లో యానిమేషన్ చేస్తుంటే, గంటల తరబడి వీడియో ఎడిటింగ్ చేస్తుంటే, అప్పుడు వాడి మాటలో న్యాయం ఉంది. ఒక వారం పాటు ఏ పనికి ఎన్ని నిమిషాలు పట్టిందో, అప్పుడు టాస్క్ మేనేజర్ ఏం చూపించిందో నోట్‌బుక్‌లో రాయమనండి. ఆ పేజీ, షాపువాళ్ల కొటేషన్ పక్కపక్కన పెట్టుకుని, బాబును కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడండి.