సేల్ ముగిశాక: కొన్న ఆటపై సొంత అభిప్రాయం

కంప్యూటర్ ఆటలను అమ్మే ఆన్‌లైన్ దుకాణాలు ఏటా డిసెంబరు చివరి వారాల్లో క్రిస్మస్, నూతన సంవత్సర సెలవుల సందర్భంగా ధరలను బాగా తగ్గిస్తాయి. వాటిలో పెద్దదైన స్టీమ్‌ను అమెరికాకు చెందిన వాల్వ్ సంస్థ 2003లో ప్రారంభించగా, 2015 చివరి నుంచి అది భారతీయ కొనుగోలుదారులకు రూపాయల్లోనే ధరలు చూపుతోంది. జనవరి తొలి రోజుల్లో ఈ సేల్ ముగిసి, పది రోజులు తిరిగేసరికి సంక్రాంతి వస్తుంది. బెంగళూరు, చెన్నై, హైదరాబాదు నగరాల్లో చదువుతున్న, ఉద్యోగాలు చేస్తున్న, ఆంధ్రప్రదేశ్‌లోని రాజంపేట ప్రాంతపు యువకులు ల్యాప్‌టాప్‌లతో ఇళ్లకు చేరి, తగ్గింపులో కొన్న ఆటలను తెరిచి చూసేది ఆ సెలవుల్లోనే. ఆట కొనడం వల్ల మనిషికి ఒనగూడేది స్వల్పమనీ, కొన్నదానిపై నిజాయతీగా ఒక సొంత అభిప్రాయాన్ని ఏర్పరచుకోవడం వల్ల అతని వివేచన, అంటే మంచిచెడ్డలను తనంతట తాను తేల్చుకోగల శక్తి, పదునెక్కుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఒకప్పుడు ఈ ప్రాంతపు యువకుడు ఆట కొనాలంటే కడపకో తిరుపతికో వెళ్లవలసి ఉండేది, లేదా ముంబయి–చెన్నై రైలు మార్గంలోనే ఉన్న ఊరు గనుక చెన్నైకి రైలెక్కి రిచీ స్ట్రీట్ దుకాణాల్లో సీడీ వెతుక్కోవలసి ఉండేది. ప్రయాణపు ఖర్చు, సీడీ ధర, తిరిగివచ్చాక అది పనిచేస్తుందో లేదోనన్న సందేహం కలిసి ఎంపికను కష్టతరం చేసేవి. అందువల్లనే ఎంపికకు ముందు ఆలోచన ఉండేది. నేడు యూపీఐ ద్వారా క్షణాల్లో చెల్లింపు ముగుస్తుంది. అయితే చెల్లించినవారికి దక్కేది ఆ ఆటపై యాజమాన్యం కాదు, దానిని ఆడుకునే అనుమతి, అంటే లైసెన్సు మాత్రమే. ఈ సంగతిని స్టీమ్ 2024 అక్టోబరు నుంచి చెల్లింపు పేజీలోనే స్పష్టంగా తెలుపుతోంది. సీడీని స్నేహితుడితో మార్చుకోవచ్చు, సగం ధరకు అమ్ముకోవచ్చు. లైసెన్సును అలా అమ్మడం సాధ్యం కాదు. కాబట్టి మరొకరికి అమ్ముకోలేని ఈ వస్తువుపై పెట్టిన ఖర్చుకు ప్రతిఫలం అంతా ఆడిన అనుభవంలోనే దొరకాలి.

తగ్గింపు ధర మనసుపై పనిచేసే తీరును మనస్తత్వ శాస్త్రం చాలాకాలం కిందటే పరిశీలించింది. అమోస్ ట్వర్‌స్కీ, డేనియల్ కానమన్ 1974లో ప్రచురించిన వ్యాసంలో, అంకెల చక్రాన్ని తిప్పి, వచ్చిన అంకెను చూపించి, ఆ తరువాత ఐక్యరాజ్య సమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమో అంచనా వేయమన్నప్పుడు, 10 చూసినవారి అంచనాల మధ్యవిలువ 25 గానూ, 65 చూసినవారిది 45 గానూ తేలిందని వివరించారు. ముందుగా కంటబడిన సంఖ్య, దానికి విషయంతో ఏ సంబంధమూ లేకపోయినా, తరువాతి అంచనాను తనవైపు లాగడాన్ని లంగరు ప్రభావం అంటారు. నాలుగు వేల రూపాయల ధరను అడ్డంగా కొట్టివేసి పక్కన పన్నెండు వందలు అని చూపినప్పుడు కొనేవారి మనసు కొలిచేది ఆట విలువను కాదు, ఆ రెండు అంకెల మధ్య దూరాన్ని. ఆషాఢం తగ్గింపుల్లో కొన్న చీర ఏళ్ల తరబడి బీరువాలో మడత విప్పకుండా ఉండిపోవడం ఎరిగిన ఇళ్లకు ఈ పరిణామం కొత్తది కాదు.

దీనికి మరో పార్శ్వం ఉంది. హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ 1985లో ప్రచురించిన అధ్యయనంలో ఒహాయో విశ్వవిద్యాలయ నాటకశాల సీజన్ టిక్కెట్లను కొందరికి పూర్తి ధర 15 డాలర్లకూ, కొందరికి 2 డాలర్ల తగ్గింపుతోనూ, మరికొందరికి 7 డాలర్ల తగ్గింపుతోనూ అమ్మారు. ఎవరికి ఏ ధర అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించినదే అయినా, సీజన్ తొలి సగంలో పూర్తి ధర ఇచ్చినవారే ఎక్కువ నాటకాలు చూశారు. పెట్టిన డబ్బు వృథా కారాదన్న భావనతో మనిషి ఒక పనిని కొనసాగించడాన్ని మునిగిన ఖర్చు ప్రభావం అంటారు. ఈ అధ్యయనాన్ని ఆటల కొనుగోలుకు అన్వయిస్తే, తక్కువకు కొన్న ఆట ఆడకుండానే మిగిలిపోవడానికీ, ఎక్కువకు కొన్న ఆటను విసుగు పుట్టినా లాగుతూ పోవడానికీ మూలం ఒక్కటేననీ, రెండింటిలోనూ మనిషిని నడిపేది ధరే తప్ప అభిరుచి కాదనీ బోధపడుతుంది. వివేచన మొదలు కావలసిన చోటు సరిగ్గా ఇదే.

స్టీమ్ నియమం ప్రకారం కొన్న 14 రోజుల లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకముందు అడిగితే డబ్బు తిరిగి ఇస్తారు. ఈ రెండు గంటల గడువును చాలామంది వాణిజ్యపరమైన సదుపాయంగానే చూస్తారు గాని, దానిని ఆత్మపరీక్షకు వాడుకోవచ్చు. గంటన్నర ఆడాక ఆగి, ఈ ఆటను కొనేముందు దేనిని ఆశించినట్లు, ఇంతవరకు దొరికింది ఏమిటి, ఇది పూర్తి ధరకే ఉంటే కొనేవాడా అని తనను తాను అడిగి, జవాబులను రెండు మూడు వాక్యాల్లో రాసిపెట్టుకున్న యువకుడు తన అభిరుచిని గురించి ఇతరుల సమీక్షల్లో దొరకని సమాచారాన్ని సంపాదిస్తాడు.

ఇదే గడువు నిజాయతీకి కూడా పరీక్ష పెడుతుంది. టొరంటోలోని విసాయ్ గేమ్స్ 2023 జులైలో విడుదల చేసిన వెన్బా అనే ఆటలో, 1980ల చివర కెనడాకు వలస వెళ్లిన ఒక తమిళ కుటుంబపు తల్లి, చిరిగిపోయిన వంటల పుస్తకంలోని ఇడ్లీ, పుట్టు వంటి వంటకాలను తిరిగి కూర్చుకుంటూ, తన భాషకు దూరమవుతున్న కొడుకును దగ్గర చేసుకోవడానికి తపిస్తుంది. 2024లో తొలి ప్రయత్నపు ఆటల విభాగంలో బాఫ్టా పురస్కారం పొందిన ఈ కృతిని రెండు గంటల లోపే ముగించవచ్చు; అంటే, పూర్తిగా ఆస్వాదించి, ఆపైన డబ్బు వెనక్కి తీసుకోవడానికి నియమం అడ్డుపడదు. నియమం అనుమతించినంత మాత్రాన అది న్యాయమైపోదు. కొద్దిమంది కలిసి ఏళ్ల తరబడి శ్రమించి చేసిన పనికి, అందులోని తల్లి దుఃఖానికి కదిలిపోయిన తరువాత, మూల్యం చెల్లించడానికి నిరాకరించడం ఏ చట్టానికీ చిక్కని తప్పు. పైగా రాజంపేట, రైల్వేకోడూరు, రాయచోటి ప్రాంతాల నుంచి వేలాది మంది పనుల కోసం కువైట్‌కు వెళ్లారు. అక్కడి జీతంతో తండ్రి కొనిచ్చిన ల్యాప్‌టాప్‌పై వలస కుటుంబపు కథను ఆడే యువకుడికి ఈ ఆటపై కలిగే అభిప్రాయం, టొరంటోలోనో లండన్‌లోనో రాసిన ఏ సమీక్షతోనూ కలవనవసరం లేదు. వెన్బాలో భార్యాభర్తలు కలిసి దేశం దాటారు; ఇక్కడ చాలా ఇళ్లలో దాటినవాడు ఒక్కడే, బిడ్డలు ఇక్కడే పెరిగారు.

తాను నిలబడిన చోటు నుంచి చూడడం ఎంత విలువైనదో స్టార్డ్యూ వ్యాలీ మరింత స్పష్టంగా చూపుతుంది. ఎరిక్ బరోన్ అనే ఒకే ఒక్కరు నాలుగేళ్లకు పైగా ఒంటరిగా తయారుచేసి 2016 ఫిబ్రవరిలో విడుదల చేసిన ఈ ఆటలో, కంపెనీ ఉద్యోగంతో విసిగిన వ్యక్తి తాత వదిలిన పొలానికి వచ్చి సేద్యం మొదలుపెడతాడు. ఐదు వందల రూపాయల లోపే దొరికే ఈ ఆట సేల్‌లో ఇంకా చవకవుతుంది, దాన్ని మెచ్చుకోనివారు అరుదు. ఆ మెప్పు సమంజసమే. కాని మామిడి, అరటి, బొప్పాయి తోటల మధ్య పెరిగినవారు దీనిని ఆడితే, అందులోని చెరువు ఎన్నడూ ఇంకదనీ, కరవు అన్నదే రాదనీ, ఎన్ని కుండల నీళ్లు తోడినా తరగవనీ వెంటనే గమనిస్తారు. 2021 నవంబరు 19న చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, పులపత్తూరు, మందపల్లి వంటి గ్రామాలను వరద ముంచెత్తి, పొలాల్లో ఇసుక మేటలు వేసిన ప్రాంతపు వారికి, కరవూ వరదా ఎరుగని ఈ సేద్యం ఒకవైపు ఊరటగానూ, మరొకవైపు అసంపూర్ణంగానూ తోచవచ్చు. ఈ రెండు భావాలనూ దాచుకోకుండా ఒకేచోట రాసుకోగలగడం పరిణత అభిప్రాయానికి గుర్తు. పదిమంది మెచ్చినదానిలో తనకు లోటు కనిపించినప్పుడు దానిని గౌరవంగా చెప్పగల ధైర్యం ఉద్యోగ జీవితంలోనూ, కుటుంబ నిర్ణయాల్లోనూ పనికివస్తుంది.

కష్టమైన ఆటల విషయంలో అభిప్రాయం రాయడం ఇంకా సూక్ష్మమైన పని. 2018 జనవరిలో వచ్చిన సెలెస్ట్‌లో మాడలిన్ అనే యువతి తనలోని ఆందోళనతో పోరాడుతూ ఒక పర్వతాన్ని ఎక్కుతుంది. ఆడేవారు వందల సార్లు జారిపడి మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుంది, పడిన ప్రతిసారినీ ఆట లెక్కించి చూపుతుంది, ఆ లెక్కను నేర్చుకున్నదానికి కొలతగా భావించమని ప్రోత్సహిస్తుంది. మరీ కష్టమనిపిస్తే వేగాన్ని తగ్గించుకునే సహాయక పద్ధతి కూడా ఉంది. ఇటువంటి ఆటను మధ్యలో వదిలినవారు అది బాగాలేదని రాసేముందు, ఆటలో లోపముందా లేక తమ ఓర్పు అక్కడితో ముగిసిందా అని విడదీసి చూసుకోవాలి. ఓర్పు ముగిసిందని ఒప్పుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

పెద్దలకు అన్ని రకాల ఆటలూ ఒకే గాటన ‘ఫోన్లో ఆటలు’గా కనిపించడం సహజం. డబ్బు పందెంగా ఒడ్డే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం దేశమంతటా ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధించింది. ఇక బీజీఎంఐ వంటి ఫోన్ ఆటలు ఉచితంగా మొదలై, దుస్తులు, తుపాకీ రంగుల కోసం మళ్లీ మళ్లీ చిన్న మొత్తాలు ఖర్చు చేయిస్తాయి. ఒక్కసారి ధర చెల్లించి, ఆది అంతం ఉన్న ఒక కృతిని కొనడం ఈ రెండింటికీ భిన్నం. కొడుకు తన ఆటలపై రాసుకున్న నాలుగు పేజీలు చదివిన తండ్రికి ఈ తేడా ఏ ఉపన్యాసం కంటే త్వరగా అర్థమవుతుంది.

రాసే పద్ధతి విషయంలో స్టీమ్ సమీక్షలకు పెట్టిన గుర్తులు చాలవు. అక్కడ బొటనవేలు పైకో కిందికో చూపడం తప్ప మధ్యేమార్గం లేదు. నోటుపుస్తకంలో తెలుగులోనే, ఆట పేరు, ఇచ్చిన ధర, మొదటి గంటన్నర తరువాతి మాట, వారం తరువాతి మాట, ముగించాకనో వదిలేశాకనో చివరి మాట రాసుకుంటే సరిపోతుంది. మొదటి మాటకూ చివరి మాటకూ మధ్య ఎక్కడ మార్పు వచ్చిందో చూడడం అన్నిటికంటె ఫలవంతమైన భాగం. జూన్ చివర స్టీమ్ వేసవి సేల్ మొదలయ్యే సమయానికి రాజంపేట ఇళ్లలో కాలేజీ ఫీజుల లెక్కలు కూడా మొదలవుతాయి. ఆ రోజున విష్‌లిస్టు, అంటే కొనదలచిన ఆటల పట్టిక, పక్కన ఈ నోటుపుస్తకాన్ని తెరిచి చూస్తే, సంక్రాంతినాటి ఆటల్లో ఇంకా తెరవనివెన్ని, మనసుకు పట్టినవెన్ని అన్నది తేలిపోయి, పట్టికలోని చాలా పేర్లను కొట్టివేయడం సులువవుతుంది.